దీదీ చెవి, విశాఖ కాగితం

పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్‌లో మా ఇంటి మీదుగా విమానం దిగుతున్నప్పుడు దాని మోత వినండి. దగ్గరికి వస్తున్నంతసేపూ సన్నగా, పైస్థాయిలో ఉంటుంది. నెత్తి మీద నుంచి దాటగానే బొంగురుపోతుంది. ఇంజను మారలేదు, పైలట్ కొత్తగా ఏమీ చెయ్యలేదు. మనవైపు వచ్చేదాని గొంతు ఒకలా, మన నుంచి పోయేదాని గొంతు ఇంకోలా వినిపిస్తుంది, అంతే. దీన్ని డాప్లర్ మార్పు అంటారు. ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా, ఆ గొంతు దిగే క్షణంలో నా కుడిచేతి వేళ్ళు వాటంతట అవే ఎడమకి తిరుగుతాయి. పక్కన కూర్చుని "ఇంకా దిగలేదు, భయ్యా" అని ఆపే మనిషి మాత్రం లేదు.

ఈ దీవుల్లో పుట్టి పెరిగిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవడం దగ్గర తడబడతారని తెలుసు. కష్టమైతే ఇంట్లో ఎవరిచేతైనా చదివించుకోండి. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదు. నేను చేసిన ఒక తప్పు ఉంది.

నేను వైర్‌లెస్ ఆపరేటర్‌ని. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడ జనాన్ని స్థిరపరుస్తున్న రోజుల్లో మా నాన్న గుమాస్తాగా ఓడ దిగాడు. చదువుకి మాత్రం నన్ను కోస్తాకి పంపాడు. అక్కడి గ్రంథాలయాల్లో, చర్చా సభల్లో నా నోరు పదునెక్కింది. జాతకాల మీద, ముహూర్తాల మీద, విధవలకి చేసే అవమానాల మీద ఎవరు దొరికితే వాళ్ళతో వాదించేవాణ్ణి. "ఎవరు చెప్పారు? రుజువేది?" ఈ రెండు ప్రశ్నలూ జేబులో పెట్టుకునే తిరిగేవాణ్ణి. పోర్ట్ బ్లెయిర్ తిరిగొచ్చి ఉద్యోగంలో చేరాక కూడా ఆ జేబు ఖాళీ చెయ్యలేదు.

మిడిల్ పాయింట్‌లో మా ఆఫీసు వెనక ఒక చిన్న గది ఉండేది. అందులో అమెచ్యూర్ రేడియో స్టేషన్ పెట్టి నాకు అప్పగించారు. అంటే లైసెన్సు తీసుకుని, జీతం కోసం కాకుండా ఇష్టంకొద్దీ నడిపే రేడియో. ఇంటర్నెట్ ఈ దీవులకి ఇంకా రాలేదు. ధ్రువం నుంచి ధ్రువానికి తిరిగే చిన్న ఉపగ్రహం ఒకటి ఉండేది. మనం కంప్యూటర్‌లో కొట్టిన కబురు ఈల లాంటి మోతగా మారి పైకి వెళ్ళేది. ఉపగ్రహం దాన్ని దాచుకుని, మెయిన్‌ల్యాండ్ మీదికి వెళ్ళినప్పుడు అక్కడి మిత్రులకి అందించేది. తిరిగే టపా పెట్టె అనుకోండి.

చిక్కల్లా దాని వేగంతోనే. ఒక్కోసారి పద్నాలుగు నిమిషాలు కూడా మనకి అందుబాటులో ఉండదు. ఆ కాసేపట్లోనే దాని స్వరం పై నుంచి కిందికి జారుతూ పోతుంది. మొదట్లో మెల్లగా, నడిమధ్య గబగబా, చివర్లో మళ్ళీ మెల్లగా. దానికి సరిపడా రిసీవర్ నాబ్ తిప్పుతూ ఉండాలి. తప్పితే కంప్యూటర్‌కి అక్షరాలు చెత్తగా కనిపిస్తాయి. ఉపగ్రహం "ఈ ముక్క అందింది, తరవాతది పంపు" అంటేనే కబురు ముందుకి కదులుతుంది. ఆ మాట మనకి వినపడకపోతే ఎంత అరిచినా దండగ.

ఎప్పుడు ఎంత తిప్పాలో చెప్పే కాగితం నా దగ్గర ఉంది. విశాఖపట్నంలో కాలేజీ లెక్చరర్ అయిన ఒక రేడియో మిత్రుడు తన కంప్యూటర్‌లో లెక్కకట్టి, అచ్చుతీసి, ఓడలో పంపించాడు. ఫ్లాపీలో పంపితే ఇక్కడి చెమ్మకి బూజు పట్టేది. నిమిషం నిమిషానికీ నాబ్ ఏ అంకె మీద ఉండాలో అందులో ఉంది. పైన 'విశాఖపట్నం' అని ఊరి పేరు కూడా ఉంది. నేను చదివాను. చదివి, పంపినాయన ఊరు కాబోలనుకున్నాను. జిగురు పెట్టి చెక్క మీద అంటించి, రేడియో పైన గోడకి కొట్టాను. స్టేషన్ పెట్టి నెల దాటింది. అడపాదడపా ఒకటి రెండు పలకరింపులు మాత్రమే వెళ్ళాయి. కొత్త యంత్రం, ఇంతే కాబోలు అనుకున్నాను.

ఇప్పుడు దీదీ గురించి. ఆవిడ మా ఆఫీసు టైపిస్టు, నాకంటే రెండేళ్ళు పెద్ద. బ్రూక్షాబాద్‌లో ఉండేది. తెలుగులో ఆరాధన జరిగే ప్రొటెస్టెంట్ చర్చిలో పాటల బృందానికి ఆవిడే పెద్ద. వాళ్ళ చర్చికి హార్మోనియం లేని కాలంలో, పాటకి మొదటి స్వరం ఆవిడ గొంతే అందించేదట. ఆఫీసులో హిందీ అలవాటు కాబట్టి ఆవిడ అందరికీ దీదీ, అంటే అక్క; ఆవిడకి నేను భయ్యా. నా లైసెన్సు కింద కబుర్లు టైపు చెయ్యడానికి ఆవిడని వేశారు. మా ఇద్దరికీ రోజూ దేవుడి మీదే తగాదా. "మీకు దేవుడు లేడు, నాకున్నాడు. టైపింగ్ మాత్రం ఇద్దరి తరఫునా నేనే చెయ్యాలి" అనేది.

ఆ ఏడు తుఫాను వచ్చింది. ఫోన్లూ టెలిగ్రాములూ పోయాయి. మా ఆఫీసుకి మిగిలిన ఒకే ఒక లైను బియ్యం, డీజిలు, ఓడల సంగతులకే చాలడం లేదు. ఓడలు కదలడం లేదు.

తుఫానుకి ముందే సముద్రం పోటెక్కిన రోజున ఒక పడవ పోయింది. అందులో శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ వేటకెళ్ళి బతుకుతున్న ఒకతను ఉన్నాడు. మర్నాడు పడవ యజమాని వాళ్ళ ఊరికి ఫోన్ చేసి, మనిషి పోయాడని చెప్పేశాడు. ఆ సాయంత్రమే లైన్లు తెగాయి. ఇతను మాత్రం పోలేదు. చెక్కముక్క పట్టుకుని ఒక చిన్న దీవి ఒడ్డుకి కొట్టుకుపోయి, ఆరో నాడు ఇంకో పడవవాళ్ళకి దొరికాడు. ఏడో నాడు పొద్దున్నే ఆస్పత్రి నుంచి నేరుగా మా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. కాళ్ళకి కట్లు, పెదాలు పగిలి ఉన్నాయి.

"బాబూ, మీ కాడ ఆకాసంలోంచి కబురెట్టే మిసను ఉందంట. నాను బతికున్నానని మా ఊరికి ఒక్క మాట అంపండి. పదోనాడు నా ఆడదాని గాజులు పగలగొట్టేస్తారు. అది పురిటికి కన్నోరింటికెళ్ళింది బాబూ. నిండు నెలలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమిటయ్యా ఈ అనాగరికం? మనిషి పోతే గాజులేం పాపం చేశాయి? మీ కులపెద్దలు..." అని మొదలుపెట్టాను. ఎంతసేపు మాట్లాడానో తెలీదు. అతను ఓపిగ్గా విని, "బేషుగ్గా ఉంది బాబూ. ఉపన్యాసం తరవాత సెప్దురు గానీ, ముందు కబురెట్టండి" అన్నాడు.

దీదీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఇతరుల కబుర్లు మా రేడియోలో పంపకూడదు, విపత్తులో తప్ప. మా ఆఫీసరు దగ్గర అనుమతి తీసుకున్నాను. కబురు నేనే రాశాను, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. మనిషి బతికున్నాడని మొదటి వాక్యం. తరవాత పది వాక్యాల్లో ఊరి పెద్దలకి స్త్రీ గౌరవం గురించి బోధ. దీదీ అది చదివి, తల ఎత్తకుండానే తొమ్మిది వాక్యాలు కొట్టేసింది. "ముక్కలెక్కువైతే ఉపగ్రహం దాటిపోతుంది. ఊరి పేరు, మనిషి పేరు, బతికున్నాడు, గాజులు ముట్టకండి. చాలు." విశాఖ మిత్రుడు రోజూ పొద్దుటి పాస్‌లో, అంటే ఉపగ్రహం మీదుగా దాటే ఆ కాసేపట్లో, పెట్టె చూస్తాడు. కబురు అందితే బస్సెక్కి ఆ ఊరికి చేరడానికి సగం పూట.

ఉపగ్రహం పొద్దున ఒకసారి ఉత్తరం నుంచి దక్షిణానికి, సాయంత్రం ఒకసారి దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్ళేది. ఏడోనాటి పొద్దున నేను కాగితం చూస్తూ నాబ్ తిప్పుతున్నాను. స్పీకర్లో ఉపగ్రహం ఈల. రెండు ముక్కలు వెళ్ళాయి. ఆరో నిమిషానికి కాగితం గబగబా తిప్పమంది, తిప్పాను. తెర నిండా చెత్త.

"ఇంకా దిగలేదు, భయ్యా" అంది దీదీ. "మీరు ముందే తిప్పేస్తున్నారు. స్వరం ఇంకా పైనే ఉంది."

"కంప్యూటర్ కట్టిన లెక్క ఇది. మీ కీర్తన కాదు."

సాయంత్రం కూడా అదే కథ. ఈసారి ఆవిడ "అప్పుడే దిగిపోయింది, మీరు ఆలస్యం" అంది. నేను నవ్వాను. వాదనలో ఎదుటివాళ్ళు మాట మార్చినప్పుడు గెలిచేసినట్టు నవ్వే నవ్వు అది. "పొద్దున తొందరపడ్డానన్నారు, ఇప్పుడు ఆలస్యమంటున్నారు. ఏదో ఒక మాట మీద ఉండండి దీదీ."

ఆవిడ నా చేతి కింద నాబ్ వైపు చూసింది. "పోనీ, ఒక్కసారి నాబ్ నాకిచ్చి చూడండి" అంది.

"మీకు లైసెన్సు లేదు" అన్నాను.

వినే నాబ్ తిప్పడానికి లైసెన్సు అక్కర్లేదు పిల్లలూ. పంపే బటన్ నొక్కడానికే కావాలి. ఆ సంగతి నాకు తెలుసు.

ఎనిమిదో నాడంతా పరికరాల మీద పడ్డాను. కేబుల్లోకి తుఫాను నీళ్ళు పోయాయన్నాను. జాయింట్లు విప్పి ఎండబెట్టాను. యాంటెన్నా దించాను, ఎక్కించాను. ప్రతి వస్తువునీ అనుమానించాను, ఆ కాగితాన్ని తప్ప. రెండు పాస్‌లూ పోయాయి. అతను వరండాలో గోడకానుకుని కూర్చునే ఉన్నాడు. ఆస్పత్రివాళ్ళు పిలిచినా కదల్లేదు. ప్రతి పాస్ అయ్యాక తలుపు తీసే చప్పుడుకి నా మొహంలోకి చూసేవాడు. తరవాత వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టేవాడు. ఏడు, ఎనిమిది. తొమ్మిదో వేలు మడవకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

తొమ్మిదో నాటి పొద్దున పాస్ కూడా పోయింది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. అంతలో సహాయ సామగ్రి తెచ్చిన విమానం ఒకటి మిడిల్ పాయింట్ దద్దరిల్లేలా మీదుగా వెళ్ళింది. గొంతు దిగింది.

"భయ్యా, కోపం తెచ్చుకోకండి" అంది దీదీ. "ఒక మాట అడుగుతాను. విమానం దిగేటప్పుడు ముందు మా బ్రూక్షాబాద్‌లో గొంతు మారుతుంది, తరవాత మీ లంబాలైన్‌లో. లేచి వెళ్ళేటప్పుడు ముందు మీకు మారుతుంది, తరవాత మాకు. విమానం ఒకటే. అవునా?"

"అయితే?"

"మరి ఆ కాగితం ఎవరింటిది?"

తలెత్తి చూశాను. పైన పెద్ద అక్షరాల్లో ఉంది, నెల రోజులుగా ఉంది. విశాఖపట్నం.

పొద్దున ఉత్తరం నుంచి వచ్చే ఉపగ్రహం ముందు విశాఖకి దగ్గరవుతుంది, తరవాత మాకు. సాయంత్రం ముందు మాకు, తరవాత విశాఖకి. పొద్దున నేను తొందర, సాయంత్రం ఆలస్యం. దీదీ రెండు మాటలూ నిజమే. ఆవిడ మాట మార్చిందని నేను నవ్వానే, ఆ మారడమే రుజువు. నా జేబులో ఎప్పుడూ ఉండే ఆ రెండు ప్రశ్నలూ ఆ కాగితాన్ని ఒక్కసారైనా అడగలేదు. అచ్చయి వచ్చింది, కంప్యూటర్ నుంచి వచ్చింది, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చింది. ఇంక రుజువెందుకు?

ఈ తప్పు మా దీవులవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. తెల్లవారుజామున నాలుగున్నరకే మా పెరట్లో వెలుతురు. సాయంత్రం ఐదున్నరకి దీపాలు. మెయిన్‌ల్యాండ్ గడియారం, మా ఆకాశం ఏనాడూ కలవలేదు. పుట్టిన దగ్గర నుంచీ అలా బతికి బతికి, కలవకపోవడమే మాకు మామూలైపోయింది. వేరేవాళ్ళ ఆకాశానికి కట్టిన లెక్కని మా గోడకి కొట్టుకుంటే అందులో వింత ఏమీ కనిపించలేదు.

కొత్త లెక్క కట్టే ప్రోగ్రాం లేదు. టైమూ లేదు. సాయంత్రం పాస్‌కి నా కుర్చీ దీదీకి ఇచ్చాను. చెక్కతో సహా కాగితం తీసి బల్ల కింద పెట్టాను. నేను కీబోర్డు దగ్గర నిలబడ్డాను.

ఈల మొదలైంది. ఆవిడ కళ్ళు మూసుకుంది. పాట ఎత్తుకునే ముందు పాటల బృందం వైపు ఎలా తల వంచేదో అలా స్పీకర్ వైపు వంచింది. రెండు వేళ్ళతో నాబ్ పట్టుకుని, ఈలకి పావు మాత్ర కూడా వెనకబడకుండా దిగింది. నడిమధ్య స్వరం గబగబా జారిపోయే చోటు వచ్చింది. ఆవిడ సన్నగా, గొంతులోనే ఆ స్వరాన్ని పాడుతూ దాంతోపాటే కిందికి దిగింది. తెర మీద ఒక్క చెత్త అక్షరం లేదు. ఒక ముక్క. అందింది. ఇంకో ముక్క. అందింది. పూర్తి కబురు అందిందన్న వరుస తెర మీదికి వచ్చేసరికి ఉపగ్రహం ఇంకా ఆకాశంలోనే ఉంది.

తలుపు తీసి అతనికి చెప్పాను.  నిన్నటి నుంచీ పట్టుకున్న తొమ్మిదో వేలు వదిలేసి, అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు కదూ?" అన్నాను దీదీతో. అంత జరిగినా నా నోరు ఊరుకోలేదు.

"చేశాను. చెవులు మాత్రం తెరిచే ఉంచాను" అంది. "మీరు కళ్ళు తెరిచి చేసింది కూడా ప్రార్థనే, భయ్యా. కాగితానికి."

పదో నాటి పొద్దున విశాఖ మిత్రుడు కబురు దింపుకుని, కాలేజీ మానేసి బస్సెక్కాడు. ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తెల్లారగట్లే సముద్రపొడ్డున తంతు ముగించేశారు. ఆమెని కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు. ఒక మణికట్టు తెగిందట. ఇవన్నీ ఆయన ఉత్తరంలో వచ్చాక తెలిశాయి. మేము సాధించామని ఆ రోజంతా ఆఫీసులో మిఠాయి పంచుకున్నాం. అది తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

మూడు నెలల తరవాత ఆమె పసిబిడ్డతో ఓడలో వచ్చింది. భర్త ఆమెని తీసుకుని మా గదికి వచ్చాడు, ఆ మిషను చూపించడానికి. ఆమెకి ఇరవై ఏళ్ళుంటాయేమో. రెండు చేతులకీ కొత్త గాజులున్నాయి. ఎడమ మణికట్టు మీద, గాజుల కింద, తెల్లటి గీత. ఆమె రేడియోని, స్పీకర్‌ని, నాబ్‌ని చాలాసేపు చూసింది. తరవాత నావైపు తిరిగింది.

"ఒక్క రోజు ముందు అంపడానికి అవలేదా బాబూ?"

దీదీ చటుక్కున "తుఫాను కదమ్మా, వాతావరణం..." అంటూ నాకు అడ్డం రాబోయింది. జీవితమంతా నాతో నిజం కోసం పోట్లాడిన మనిషి, ఆ ఒక్కసారి నా కోసం అబద్ధమాడబోయింది. నేను ఆపాను.

"అయ్యేదమ్మా" అన్నాను. "ఈవిడ మొదటి రోజే చెప్పింది, నేను తప్పు తిప్పుతున్నానని. నేను వినలేదు."

ఆమె నన్ను తిట్టలేదు. బిడ్డని ఇంకో భుజానికి మార్చుకుంది. "మా ఊళ్ళో పెద్దోళ్ళూ అంతే బాబూ. 'సవం దొరకలేదు, ఆగండి, ఆడు వస్తాడు' అని నాను మొత్తుకున్నాను. 'పదోనాడంటే పదోనాడే, నీకేటి తెలుసే' అన్నారు. ఆల్లూ ఇనలేదు."

అంతే అంది. నేను పదేళ్ళు సభల్లో ఎవరి మీద నిప్పులు కక్కానో, వాళ్ళ పక్కన నన్ను ఒక్క ముక్కలో కూర్చోబెట్టింది. ఆమెకి అది తెలుసో లేదో. ఆ చోటు నాకు తగినదే. వాళ్ళు పదోనాడన్నారు, నేను ఆరో నిమిషమన్నాను. ఎదురుగా ఒక ఆడమనిషి తన చెవితో విన్నదీ, తన మనసుకి తెలిసిందీ చెబుతుంటే నీకేం తెలుసన్నాం.

వెళ్ళేముందు ఆమె దీదీ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.

దాని తరవాత ఆరేళ్ళు ఆ నాబ్ దీదీదే. చదివి పరీక్ష రాసి లైసెన్సు కూడా తెచ్చుకుంది. దేవుడి మీద తగాదా ఒక్క రోజు మానలేదు. మానాలని ఇద్దరికీ లేదు. నేను ఓడిపోయిన రోజుల్లో టీ ఖర్చు నాది. తరవాత కొత్త కంప్యూటర్లు వచ్చాయి. మా దీవి అక్షాంశ రేఖాంశాలతో, సెకనుకి సెకను లెక్కకట్టి, నాబ్ కూడా అవే తిప్పడం మొదలుపెట్టాయి. మంచి పనే. సైన్సు అంటే అదే, నేను కాదనను. కాకపోతే స్పీకర్ ఆపేశారు. గదిలో ఈల లేదు, ఆ ఈలతో దిగే గొంతు లేదు. దీదీ రిటైరై కూతురి దగ్గరికి మెయిన్‌ల్యాండ్ వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి బ్రూక్షాబాద్ చర్చిలో ఆవిడ జ్ఞాపకార్థ కూటం పెట్టారని తెలిసి వెళ్ళాను. నమ్మకం లేనివాణ్ణి, వెనక వరసలో కూర్చున్నాను. పాట మొదలయ్యే ముందు అలవాటుగా చెవి రిక్కించాను, మొదటి స్వరం ఎవరందిస్తారా అని. హార్మోనియం అందించింది.

మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే, మీ గోడ మీద వేలాడే ప్రతి లెక్కనీ అడగండి, ఏ ఆకాశానికి కట్టావని. పక్కనున్నవాళ్ళు రెండు పూటలా రెండు మాటలు చెబుతుంటే నవ్వకండి, రాసుకోండి.

సాయంత్రం విమానం ఇప్పుడే వచ్చింది. నేను వరండాలో ఉన్నాను. వేళ్ళు తిరిగాయి. గొంతు దిగక ముందే, కావాలనే తిప్పాను. ఎవరూ ఏమీ అనలేదు.